అమ్మ గొంతు ఎలా ఉండేది

డాక్టరమ్మ ముప్పై ఆరేళ్ళు కాన్పులు చేసి రిటైరైంది. రిటైరైన మూడో నెలలో కథలు రాయడం మొదలుపెట్టింది.

అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది ఆమె భర్త. ఆయన స్కూల్లో భూగోళం చెప్పి, ఆమెకంటే నాలుగేళ్ళ ముందే ఇంటిపట్టున కూర్చున్న మనిషి. "నీ చేతిరాత మందులషాపు అతనికి తప్ప ఎవరికీ అర్థంకాదు కదా, కథలు ఎవరు చదువుతారు?" అన్నాడు. అన్నవాడే మర్నాడు వెళ్ళి గీతల నోటుబుక్కులు అరడజను పట్టుకొచ్చాడు. కిటికీ పక్కన తను మ్యాపులు పరుచుకునే బల్ల ఖాళీచేసి ఇచ్చాడు.

మొదటి రెండు కథలూ ఆస్పత్రి గురించే. వారపత్రికకి పంపితే రెండూ తిరిగొచ్చాయి. రెండోదాని అట్టమీద సంపాదకుడు పెన్సిలుతో ఒక ముక్క రాశాడు: "రోగికి ఏమైందో తెలిసింది. ఆ మనిషి ఎవరో తెలియలేదు."

ఆ ముక్క ఆవిడకి ముల్లులా దిగింది. కాదనడానికీ లేదు. ఇన్నేళ్ళూ ఆమె రాసిందంతా అదే మరి. వయసెంత, ఇది ఎన్నో కాన్పు, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి. గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నది చెల్లెలా, ఆడపడుచా అని రాయడానికి ఏ కాగితంలోనూ చోటుండేది కాదు.

మూడో కథ వాళ్ళమ్మ మీద రాద్దామనుకుంది. నిజానికి ఆమెకి రాయాలని ఉన్నది ఆ ఒక్కటే. ముందు రెండూ చెయ్యి సాగడానికి రాసినవి.

వాళ్ళమ్మ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. ఒకరి మాట ఇంకొకరికి కలపడం ఆవిడ ఉద్యోగం. మూడో కాన్పులో రక్తం ఆగక చనిపోయింది. బిడ్డా దక్కలేదు. అప్పటికి డాక్టరమ్మకి రెండున్నరేళ్ళు, వాళ్ళక్కకి పదేళ్ళు. ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫొటో. ఆఫీసు మెట్లమీద పదకొండుమంది ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఎడమవైపునుంచి మూడో ఆవిడ అమ్మ. సరిగ్గా ఫొటో తీసే క్షణానికి పక్కావిడతో ఏదో అంటూ తల తిప్పింది. మొహం చెరిగిపోయినట్టు పడింది.

అమ్మ ఎందుకు చనిపోయిందో డాక్టరమ్మకి అందరికంటే బాగా తెలుసు. ఆ రోజు ఎవరైనా ఏం చేసి ఉంటే బతికేదో కూడా తెలుసు. అదే పని తన చేతులతో కొన్ని వందలసార్లు చేసింది. కానీ అమ్మ ఎలా నవ్వేదో తెలియదు. బల్ల దగ్గర ఎన్నిసార్లు మొదలుపెట్టినా అమ్మ మొదటి పేజీలోనే చనిపోతోంది.

"కాన్పుల డాక్టరువి, నీకు నేను చెప్పాలా?" అన్నాడు భర్త. "కథ కూడా తొమ్మిది నెలలు మొయ్యాలేమో. వెళ్ళి వదినని అడుగు."

అక్క మూడు బస్టాపుల అవతల, తన కుట్టుషాపు పైనున్న గదిలో ఉంటుంది. డెబ్భై దాటినా మిషను మానలేదు. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. అమ్మ పోయాక ఐదో తరగతితో చదువు మాని, చెల్లెల్ని పెంచి, ఆ మిషను తొక్కే డాక్టరు చదివించింది. నాన్న ఉన్నాడుగానీ, మాటల మనిషి కాదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదు" అనేసి దారం ఎక్కించుకునేది.

డాక్టరమ్మ నోటుబుక్కు తీసి ఎదురుగా కూర్చుంది.

"అమ్మ గొంతు ఎలా ఉండేదక్కా?"

మిషను ఆగలేదు. "అమ్మ గొంతులాగే ఉండేది."

"సన్నగానా, బొంగురుగానా?"

"ఈ చొక్కాలు శనివారానికి ఇవ్వాలి చిట్టీ."

"పోనీ, కోపం వస్తే ఏమనేది?"

"కేసు రాసుకోవడానికి వచ్చావా ఏంటి?" అంది అక్క తల ఎత్తకుండా. "టీ పెట్టుకో. నాకూ పెట్టు."

వారం ఆగి మళ్ళీ వెళ్ళింది. అదే వరస. గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఇక ఉండబట్టలేక, "చిన్నప్పుడు రోజూ జడ వేస్తూ చెప్పేదానివిగా, ఇప్పుడేమైంది?" అని అడిగేసింది.

అప్పుడు ఆగింది మిషను. "నాకు అమ్మ దొరికింది పదేళ్ళే. అది కూడా నీకు పంచిపెట్టమంటావా?"

డాక్టరమ్మ నోటుబుక్కు సంచీలో పెట్టుకుని లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి భర్తకి జరిగింది చెప్పింది. "వదిన అలా అనే మనిషి కాదే" అని ఆయన రెండుమూడుసార్లు అన్నాడు. ఒకళ్ళ సొత్తు ఇంకొకళ్ళు అడగడం తప్పే అనుకుంది. కానీ అమ్మని అక్క సొత్తు అనుకోవడం ఆమె చేతకాలేదు.

ఇక అక్కని అడగలేదు. తన దగ్గర ఉన్నవే పోగేసుకుంది. పొద్దున్నే స్టూలుమీద కూర్చోబెట్టి అక్క జడ వేస్తూ చెప్పిన ముచ్చట్లు ఒక్కటీ మర్చిపోలేదామె. మేయరుగారికి కలపాల్సిన ఫోను అమ్మ పొరపాటున చేపలాయనకి కలిపితే, వాళ్ళిద్దరూ పావుగంట మాట్లాడుకుని స్నేహితులైపోవడం. వానలో గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తూ రావడం, అదేమిటంటే "గొడుగు తడిస్తే మళ్ళీ ఆరబెట్టాలి" అనడం. మెట్లు ఎక్కుతూనే నవ్వడం మొదలుపెడితే పై అంతస్తువాళ్ళు తలుపులు తియ్యడం. వీటి మధ్యలో ఖాళీలన్నీ తనే నింపింది. గొంతు కాస్త బొంగురుగా పెట్టింది. మాటకి ముందు "సరే, అయితే" అనే అలవాటొకటి ఇచ్చింది. రెండు నెలలు రాసింది. రాస్తూ ఉంటే బల్ల దగ్గరికి ఎవరో వచ్చి నిలబడ్డట్టుండేది. కలం మూసేస్తే వెళ్ళిపోయేది. అందుకని మూసేది కాదు. అన్నానికి పిలిస్తే "ఇదిగో, ఇదిగో" అనేది.

పూర్తయ్యాక, ముందు అక్కకే వినిపించాలనిపించింది. కోపం ఏమైందో మరి.

అక్కకి చిన్న అక్షరాలు ఆనడం మానేసి చాలా రోజులైంది. డాక్టరమ్మే చదివింది. అక్క కత్తెర పక్కన పెట్టి వింది. చేపలాయన దగ్గర కాస్త నవ్వింది. గొడుగు దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది.

చదవడం అయిపోయాక, "ఆ చేపలాయన సంగతి ఎక్కడిది?" అంది.

"నువ్వు చెప్పిందే."

"గొడుగు?"

"అదీ నువ్వు చెప్పిందే కదక్కా."

అక్క ఒళ్ళో ఉన్న కాలరు ముక్కని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"చిట్టీ, అవి నేను అల్లినవే."

డాక్టరమ్మకి అర్థం కాలేదు.

"నువ్వు జడ వెయ్యనిచ్చేదానివి కాదు. తల అటూ ఇటూ తిప్పి గోలగోల చేసేదానివి. అమ్మ మాట ఎత్తితే మాత్రం కదలకుండా కూర్చునేదానివి. మొదట్లో నిజాలే చెప్పాను. పదేళ్ళ పిల్ల దగ్గర ఎన్నుంటాయే? పదిరోజుల్లో అయిపోయాయి. నువ్వేమో ఇంకోటి, ఇంకోటి అనేదానివి. నాకూ స్కూలు లేదు, ఏం లేదు. పనిచేసుకుంటూ రేపటికి ఒకటి అల్లుకునేదాన్ని."

"ఏవి నిజం మరి?"

"అదే ఇప్పుడు తెలియడం లేదు. చెప్పీ చెప్పీ అన్నీ కలిసిపోయాయి. నువ్వు పుస్తకం తెరిచి గొంతెలా ఉండేదని అడిగితే, కళ్ళు మూసుకుని ఎంత వెతికినా నాకు నా గొంతే వినిపించింది. భయమేసింది."

"మరి పంచిపెట్టనన్నావు?"

"లేదని చెప్పడంకంటే ఇవ్వనని చెప్పడం తేలిక కదే."

డాక్టరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద బస్టాపులో జనం బారుగా నిలబడి ఉన్నారు. ఈ వయసులో తల్లి రెండోసారి పోయినట్టయింది ఆమెకి. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. తను స్టూలుమీద కూర్చున్నప్పుడు వెనకాల నిలబడ్డ మనిషికి పదేళ్ళని, ఆ మనిషికి ఎవరూ జడ వెయ్యలేదని, డాక్టరు చదువు చదివిన బుర్రకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

తిరిగొచ్చి అక్క మణికట్టు పట్టుకుంది.

"నాడి చూస్తున్నావా?"

"లేదు. చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది."

"ఒకటుంది" అంది అక్క. "డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ చెవి ఎర్రగా కందిపోయి ఉండేది. పొద్దస్తమానం చెవికి తగిలించుకుంటారే, దాని ఒత్తిడికి. నా పక్కన కూర్చుని తల వంచేది. నేను బొటనవేలితో రుద్దేదాన్ని. అది నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి పాడవలేదు."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"నాకూ ఒకటి ఉండాలి కదా."

ఆ రోజు ఇంటికి వెళ్తుంటే బస్సులో ముందు సీట్లో ఒకమ్మాయి పెద్ద హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకుంది. చెవి అంచు కొద్దిగా కంది ఉంది. డాక్టరమ్మ చూస్తూనే కూర్చుంది. చెయ్యి ఒళ్ళో ఉండనంటే రెండో చేత్తో పట్టుకుంది. ఆ అమ్మాయి దిగిపోయాక చూసుకుంటే తన స్టాపు దాటి చాలా దూరం వచ్చేసింది.

కథని ఒక్క అక్షరం మార్చకుండా వారపత్రికకి పంపింది. చెవి సంగతి అందులో కలపలేదు. భర్త మాత్రం గమనించాడు. "వదిన చెప్పిందేదో రాయలేదే?" అంటే, "అది అక్కది" అంది.

పత్రికవాళ్ళు కథ వేసుకున్నారు. పాఠకుల ఉత్తరాలు తొమ్మిది వచ్చాయి. ముగ్గురు తమ అమ్మ కూడా అచ్చం ఇలాగే నవ్వేదని రాశారు. అవి చదివి ఆమె సంతోషించింది. ఆ తర్వాత ఫొటో తీసి భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. అమ్మ పక్కావిడకి ఏం చెబుతోందో, పక్కావిడైతే విన్నది కదా అనుకుంది.

సంపాదకుడు ఇంకో కథ అడిగాడు. ఈసారి జడ వేసే పిల్ల గురించి రాస్తానని డాక్టరమ్మ అక్కకి చెప్పింది. అక్క సూదిలో దారం ఎక్కించమని చేతికిచ్చింది.

"నన్ను మరీ దేవతని చెయ్యకు. దువ్వెనతో నెత్తిమీద కొట్టాను కూడా."

"గుర్తుంది."

"అది రాయి ముందు."

"సరే."

"ఇంకోటి, ఆ పిల్ల రోజూ సాయంత్రం ఇంటి మెట్లమీద కూర్చునేదని రాయి. డ్యూటీ దిగే టైముకి. అమ్మ పోయాక కూడా చాలా రోజులు కూర్చుంది."

"ఇది నిజమా, అల్లావా?"

"నిజమే" అంది అక్క. "నువ్వు నా ఒళ్ళోనే ఉండేదానివి."