అయస్కాంతానికి అంటనిది

నేను ఒక లేత్ టూల్‌ని. లేత్ యంత్రం మీద గిరగిరా తిరిగే లోహాన్ని చెక్కే ఉక్కు ముక్కని. నాకున్న పెద్ద భయం ఒక్కటే. నా మొన దగ్గర రాలిన రజను ఏదో ఒక రోజు ఇందుజ నోట్లోకి పోతుందని. ఇందుజకు పది నెలలు. నేల మీద ఏది కనబడినా రుచి చూడందే వదలదు.

నేను తయారైంది పెద్ద కర్మాగారం కోసం. అక్కడ అరిగి, తుక్కులో పడి, గాజువాకలో ఒక తుక్కు దుకాణంలో శేషుకుమార్ కంట పడ్డాను. ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా. ఆరు రోజులు కాగితాలు, ఆదివారం ఇంజనీరు. భార్య హైమ బట్టలారేసుకునే వరండాలో చిన్న లేత్ ఒకటి దించుకున్నాడు. బట్టలు ఇప్పుడు మంచాల మీద ఆరుతాయి.

తీరా చూస్తే ఆ లేత్‌లో టూల్ బిగించే చోటుకి నేను లావు. మహానుభావుడు నన్ను హాక్సా బ్లేడుతో కోయబోయాడు. మూడు బ్లేడుల పళ్ళు రాలాయి, నా మీద గీత పడలేదు. తరువాత సాన చక్రం మీద నా అడుగు అరగదీశాడు. కాలిపోతుంటే కూతురు ఇందుజ స్నానం చెంబులో ముంచాడు. అరగదీసి అరగదీసి మరీ పొట్టిదాన్ని చేశాడు. అప్పుడు ఎత్తు చాలడానికి పాలపొడి డబ్బా రేకు కత్తిరించి నా కింద పెట్టాడు. డబ్బాలో పాలపొడి ఇంకా సగం ఉంది. రజను కంట్లో పడకుండా పెట్టుకోవాల్సిన కళ్ళద్దాలు మేకుకి వేలాడుతుంటాయి, ఫోనులో వీడియో తీసేటప్పుడు మాత్రం ముక్కు మీదికి వస్తాయి.

హైమ తొమ్మిదో తరగతితో బడి మానేసింది. అయినా ఆ ఇంట్లో ముందుచూపు ఆవిడ ఒక్కదానికే ఉంది. పాత స్పీకరులోని అయస్కాంతం గుడ్డలో చుట్టి, ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద కూచుని వరండా అంతా జరిపేది. ఇనుప రజను గుడ్డకి గడ్డంలా వేలాడేది. అది దులిపాకే పిల్లని కిందికి దించేది.

మొన్న ఆదివారం ఆయనకి పిల్ల మీద ప్రేమ పొంగింది. ఇత్తడితో బొంగరం చేసిస్తానన్నాడు. ఏటవాలు మొన ఇత్తడిని పట్టి లాగేస్తుందని నా పైభాగం చదును చేశాడు. ఆయన జన్మలో సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఇనుమైతే నా దగ్గర పొడుగు చుట్టలుగా వచ్చేది. ఇత్తడి సూదుల్లా చిమ్మింది, గుమ్మం దాకా.

హైమ అయస్కాంతం జరిపింది. గుడ్డకి ఏమీ అంటలేదు.

"ఈవారం ఏటండీ, ఇంత శుభ్రంగా ఉంది?" అంది మురిసిపోతూ.

"నా పనితనం అలాంటిది మరి," అన్నాడాయన, బొంగరానికి మెరుగు పెట్టుకుంటూ.

నాకు నోరు లేదు. ఉన్నవాడు దాన్ని ఆ గొప్పలకి వాడుకున్నాడు.

పిల్లని దించింది. నాలుగు అడుగులు పాకిందో లేదో, ఇందుజ కెవ్వుమంది. హైమ చెయ్యి విప్పి చూస్తే అరచేతిలో పసుపుపచ్చటి నలుసు. పిన్నీసుతో తీసింది. రక్తం బొట్టు చీర కొంగుతో అద్దింది.

"ఏటిది?"

"ఇత్తడే హైమా. అది అయస్కాంతానికి అంటదు కదా."

"ఆ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఇందాకట్నుంచి నేను దేన్ని ఏరుతున్నానని చూస్తూ కూచున్నారు?"

ఆయన బొంగరాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

హైమ పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది, నాలుక కింద కూడా చూసింది. తడిగుడ్డతో నేల మూడుసార్లు తుడిచింది. ఆ తరువాత పానాతో నన్ను ఊడదీసి, ఒక పాత డబ్బాలో వేసి, అటక మీదికి తోసింది. లేత్ బరువు కాబట్టి మిగిలిపోయింది గాని, లేకపోతే అదీ నా పక్కనే ఉండేది.

ఈ ఆదివారం లేత్ మళ్ళీ మోగింది. నా చోట ఇంకెవరో చేరారన్నమాట. ఇత్తడి చప్పుడే, నాకు తెలుసు. పిల్ల ఏడుపు మాత్రం వినబడలేదు. ఏడుపు వినబడకపోతేనే నాకు ఎక్కువ భయం.

అటక మీద నుంచి నేల కనబడదు. మీరు అటు వెళ్తే, బొంగరం బాగుందని తరువాత అనవచ్చు. ముందు ఇందుజ అరచేతులు, మోకాళ్ళు ఒక్కసారి తడిమి చూడండి. నోరు కూడా చూడండి.