నీలంచుక్క ఫోను

సెల్‌ఫోను వల్ల తలనొప్పి వస్తుందా రాదా అన్నది తేల్చడం ఆ పరిశోధకురాలి పని. ఆమె బల్లమీద కవలపిల్లల్లాంటి ఫోన్లు రెండు ఉండేవి, ఒకదానికి ఎర్రచుక్క, ఇంకోదానికి నీలంచుక్క. ఒకటి పనిచేస్తుంది. రెండోదాని లోపలి సరంజామా అంతా తీసేసి, బరువు కోసం మట్టిముద్ద పెట్టి బిగించారు. ఏది ఏదో టెక్నీషియన్‌కి ఒక్కడికే తెలుసు. ఆయన్ని అక్కడ అందరూ బాబాయ్ అనేవారు. పరీక్షకు వచ్చినవాళ్లు ఒక్కో ఫోనునీ అరగంట చెవికి ఆనించుకుని, ఏమనిపించిందో చెప్పాలి.

మొదట ఒక దర్జీ అన్నాడు: "తలనొప్పేం లేదు గానీ, ఈ నీలందాంట్లో ఎవరో దగ్గుతున్నారమ్మా."

ఆమె నవ్వి రాసుకుంది. మర్నాడు బస్సు డ్రైవరూ అదే మాట. ఆ తర్వాత ఒక టీచరమ్మ దగ్గి మరీ చూపించింది. రెండు పొడిదగ్గులు, కాస్త ఆగి, ఈల వేసినట్టు మూడోది. ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు ఎరగరు.

ఆమె బాబాయ్‌ని నిలదీసింది. "నిజం చెప్పు, నీలందాంట్లో ఏం పెట్టావు?"

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "మట్టి తప్ప ఏముందమ్మాయ్? అదే ఖాళీది."

ఇద్దరూ విప్పి చూశారు. ఎండిన మట్టిముద్ద, అంతే. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆయన మాత్రం, "మట్టికి జలుబు చేసిందేమోలే" అంటూ మళ్లీ బిగించేశాడు.

పది రోజుల తర్వాత పక్కగదిలోంచి దగ్గు వినిపించింది. రెండు పొడివి. కాస్త ఆగి, ఈల లాంటి మూడోది. ఆమె పరుగున వెళ్లింది. బాబాయ్ తీగలు అతుకుతున్నాడు.

"ఎప్పట్నుంచి ఈ దగ్గు?"

"పొద్దుట్నుంచే. దుమ్ము పడలేదులే."

"లే, ఆస్పత్రికి పద."

"ఉత్త దగ్గుకి ఆస్పత్రేమిటే పిల్లా!"

ఆమె వింటేగా! చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఊపిరితిత్తిలో బఠాణీగింజంత మచ్చ బయటపడింది. "ఇంత తొందరగా ఎవరూ రారు, బతికిపోయారు" అన్నాడు డాక్టరు.

ఆపరేషనై, మూడు నెలలకు బాబాయ్ పనిలోకి వచ్చాడు. ఈలోగా పరీక్షకు వచ్చినవాళ్లెవరికీ ఏ దగ్గూ వినిపించలేదు. రెండు ఫోన్లకీ తేడా కనిపించలేదని ఆమె రిపోర్టు రాసింది. తలనొప్పి వరకు అది నిజమే.

ఫోన్లు పెట్టెలో సర్దేరోజున బాబాయ్ నీలంచుక్కదాన్ని తీసి, చెవికి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమన్నా వినిపించిందా?" అందామె.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కానీ దాన్ని కింద పెట్టేముందు, చాలా మెల్లగా, "ఉంటాను మరి" అన్నాడు.