ఉప్పు లేని ఏడు రోజులు

మా అక్క వినార్సి పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసేది. మా ఊరు క్లాతెన్ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా చుట్టాలకంటే ముందు కబురు మా ఇంటికే వచ్చేది. పెళ్ళికూతురి నుదుటిమీద నల్లటి మైనంతో వంపులు దిద్దడం ఆమెకు అబ్బినట్టు మరొకరికి అబ్బలేదు. నేను ఆమె చెల్లెల్ని, తుకినెం. అందరూ నెం అంటారు. పెట్టె మోసేదాన్ని, మైనం కాచేదాన్ని, కొప్పుకు మల్లెల వల అల్లేదాన్ని, తిట్లు తినేదాన్ని.

అలాంటి చేతులకే సోరియాసిస్ వచ్చిపడింది. మోచేతుల దగ్గర మొదలై వేళ్ళ కణుపుల దాకా పాకింది. చర్మం ఎర్రగా మందంగా కట్టి, పైన తెల్లటి పొలుసులు లేచేవి. అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు ఎంత చెప్పినా, తన కూతురి చెంపమీద ఆ పొలుసు రాలితే ఏ తల్లి ఊరుకుంటుంది? అక్క పొడుగు చేతుల రవిక వేసుకుని, చేతులకు పలుచని తొడుగులు తొడుక్కునేది. తొడుగుతో గీత సరిగ్గా రావడం లేదని ఇంటికొచ్చి ఏడ్చేది.

వైద్యం చేయించుకోకపోలేదు. తారు మందు పూసుకుంటే దుప్పట్లన్నీ నల్లబడి ఇల్లంతా కొత్తగా వేసిన రోడ్డు వాసన కొట్టేది. సోలో పట్నంలో ఆసుపత్రివాళ్ళు చర్మానికి వెలుగు పట్టించే దీపాల పెట్టెలో నిలబెట్టారు. తగ్గింది గానీ, వారంలో అన్నిసార్లు బస్సెక్కి తిరుగుతుంటే పెళ్ళి పనులెవరు చూస్తారు? వారానికొకసారి వేసుకునే మాత్ర ఇస్తే, వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పి మంచం దిగేది కాదు. చివరికి డాక్టర్ హప్సరి కొత్తగా వచ్చిన సూది మందు గురించి చెప్పింది. జబ్బు ఎక్కడ రాజుకుంటుందో అక్కడే ఆర్పేస్తుందట.

"క్షయ లేదని తేల్చే ఊపిరితిత్తుల పరీక్ష అయ్యాక నీ వంతు రాగానే పిలుస్తాను. ఈలోగా నాకు చెప్పకుండా ఏ మందూ మొదలుపెట్టకు, ఏ మందూ మానకు. సరేనా వినార్సీ?" అంది డాక్టరమ్మ.

అక్క తలూపింది. తలూపడంలో మా అక్కను మించినవాళ్ళు లేరు.

అంతలో సూరో నెల వచ్చింది. ఆ నెలంతా మావైపు ఎవరూ పెళ్ళి తలపెట్టరు. పనిలేక ఇంట్లో కూర్చున్న అక్కను వెతుక్కుంటూ, సంతలో మూలికల పొడులమ్మే జుమ్యాతి వచ్చింది.

"సూదులూ గీదులూ ఎందుకక్కా నీకు? ఇది మా అమ్మమ్మ నాటి మందు. అన్నీ వేర్లూ ఆకులే" అంది.

"మీ అమ్మమ్మ నాటికే ప్లాస్టిక్ పొట్లాలున్నాయా? వాటిమీద చేసినవాడి పేరు కూడా లేదేం?" అన్నాను.

"నీ నోటికి కూడా ఓ పొడి ఉంది నెం, ఇమ్మంటావా?"

అక్క పడీపడీ నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో, నేనే లేచి పొడి కలుపుకోవడానికి నీళ్ళు తెచ్చిచ్చాను.

ఆ పొడి పనిచేసింది. అదే నాకు మింగుడుపడలేదు. సూరో నెల సగం కాకముందే చేతులు నున్నబడ్డాయి. అక్క తొడుగులు తీసి పెట్టెలో అడుగున పడేసింది. ముఖం మాత్రం ఉబ్బి గుండ్రంగా తయారైంది. సుఖపడి ఒళ్ళు చేసిందన్నారు అందరూ. డాక్టరమ్మకు చెబుదామంటే, "చెబితే సూది మందు జాబితాలోంచి నా పేరు కొట్టేస్తుంది, నీకేం తెలుసు" అని నామీద విరుచుకుపడింది.

సూరో దాటగానే బాతిక్ బట్టల వ్యాపారి కూతురు రారస్ పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల నాయనమ్మ స్వయంగా మా ఇంటికొచ్చి, మర్యాదగా 'బూ' అని పిలుస్తూ, "ఏడు రోజులూ ముతిహ్ ఉండాలి బూ వినార్సీ. ఒక్కరోజుతో సరిపెడితే మా ఇంటికి చాలదు" అని చెప్పి వెళ్ళింది.

ముతిహ్ అంటే తెల్ల ఉపవాసం. ముస్తాబు చేసే మనిషి ఉత్త తెల్లన్నం తిని మంచినీళ్ళు తాగాలి. పెళ్ళిలో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఎదురెదురుగా కలిసేదాకా ఉప్పురాయి కూడా నాలుకకు తగలకూడదు. అలా ఉంటేనే పెళ్ళికూతురి ముఖానికి కొత్త కళ వచ్చి, మేనమామ కూడా ఈ అమ్మాయెవరని తికమకపడతాడు. అక్కకు దానిమీద ప్రాణం. తన గీతలకంటే తన ఉపవాసాన్నే ఎక్కువ నమ్మేది.

జుమ్యాతి పొడి మట్టి రంగులో చేదుగా ఉండేది. ముతిహ్‌లో అదెలా మింగుతుంది? మొదటి రోజునే మానేసింది.

మూడో రోజుకు కాళ్ళు లాగేస్తున్నాయంది. అయిదో రోజు చలిజ్వరం వచ్చింది. ఒళ్ళంతా కాలినట్టు ఎర్రబడింది. పెళ్ళికి ముందురోజు పొద్దున రవిక మార్చుకుంటుంటే చూశాను. వీపంతా ఆవగింజలంత చీము పొక్కులు, చేతులమీద కూడా.

"ఆసుపత్రికి పోదాం పద."

"రేపు, పెళ్ళయ్యాక."

"నువ్వు చస్తే ముస్తాబెవరు చేస్తారే?"

"చస్తే గీతలు దిద్దే చస్తాను. నువ్వు వెళ్ళి మైనం కాచు."

"పోనీ జ్వరానికి ఒక్క మాత్ర వేసుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఉపవాసం చెడితే ఆ పిల్ల ముఖం చెడుతుంది. దాని పెళ్ళి నేను పాడుచెయ్యనా? నోరు మూసుకో నెం."

తలుపేసి బంధిద్దామా అనిపించింది. కానీ కిటికీలోంచైనా దూకి వెళ్ళే మనిషి.

పెళ్ళిరోజు పొద్దున్నే మళ్ళీ తొడుగులు తొడుక్కుంది. రారస్ ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క వంపూ దిద్దింది. వేలు వణికినప్పుడల్లా ఆగి, పెదవి కొరుక్కుని, మళ్ళీ దిద్దేది. పూర్తయ్యాక నేను ఎప్పటిలాగే ఫోనులో ఫోటో తీశాను. అక్క లేవబోయి ఒక్కసారిగా కూలిపోయింది. పట్టుకుందామని చెయ్యి లాగితే తొడుగు ఊడివచ్చింది. దాంతోపాటు చర్మమూ వచ్చింది.

"అమ్మో! ఈ చేతులతోనా నా మనవరాలి ముఖం ముట్టుకుంది!" నాయనమ్మ కేకలు పెట్టింది. "మాకు చెప్పొద్దూ? సిగ్గులేదూ?"

అక్కను కారెక్కిస్తుంటే స్నానాల గదిలోంచి రారస్ ఏడుపు, నీళ్ళ చప్పుడు వినిపించాయి. అక్క దిద్దిన వంపులన్నీ సబ్బు పెట్టి తోమేస్తున్నారు. సోలో నుంచి ఇంకో ఆవిడను రమ్మని ఎవరో ఫోనులో అరుస్తున్నారు. అదృష్టం కొద్దీ అక్కకు అప్పుడు తెలివి లేదు.

డాక్టర్ హప్సరి అక్క ముఖం చూసి, నేను జరిగిందంతా చెప్పి ఇచ్చిన పొట్లం చూసి, కళ్ళు మూసుకుంది.

"ఇందులో స్టెరాయిడ్ కలిపినట్టున్నారు. ఆ ముఖం ఉబ్బింది అందుకే. అది ఒక్కసారిగా మానేసరికి జబ్బు నిప్పంటుకున్నట్టు లేచింది. కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించాల్సింది. ఒక్క మాట నా చెవిన వేస్తే నేనే మాన్పించేదాన్ని కదమ్మా!"

"ఇప్పుడేం చేస్తారు?"

"ముందు నాడి నిలబెట్టాలి. ఈ పొక్కులకు కొత్త మందొకటి ఉంది, జకార్తా నుంచి రావాలి. రేపటికి పంపమన్నాను."

నర్సు సెలైన్ సూది గుచ్చుతుంటే అక్కకు తెలివి వచ్చింది. ఏమిటది అని అడిగింది. "ఏం లేదు బూ, ఉప్పు నీళ్ళు" అంది నర్సు ఊరుకోబెట్టడానికి. అంతే, అక్క సూది పీకి పారేసింది.

"ఉప్పా? పెళ్ళికొడుకు ఇంకా ఎదురే రాలేదు, ఉప్పు ఎక్కిస్తారా? వాళ్ళిద్దరూ కలిసేదాకా నాకేమీ పెట్టొద్దు!"

ఎంత బతిమాలినా చెయ్యి చాపలేదు. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్ళాను. ఎవరికీ చెయ్యలేదు. కాసేపు గోడవైపు తిరిగి ఏడ్చి, ముఖం తుడుచుకుని లోపలికి వచ్చాను.

"అయిపోయిందక్కా. ఇద్దర్నీ కలిపేశారు. మేనమామ పక్కనే నిలబడి రారస్ ఎక్కడా అని అడిగాడట. అందరూ ఒకటే నవ్వట!"

"నిజంగా?"

"నీమీద ఒట్టు."

అక్క పగిలిన పెదవులతో నవ్వి చెయ్యి చాపింది. పచ్చి అబద్ధం. అవసరమైతే ఇప్పుడైనా మళ్ళీ చెబుతాను.

కానీ ఆలస్యమైపోయింది. రాత్రికి రక్తంలో విషం పాకిందన్నారు. కొత్త మందు మర్నాడు మధ్యాహ్నం మంచుపెట్టెలో వచ్చింది. అక్క ఆ తెల్లవారుజామునే పోయింది. చేతికందాల్సిన మందు దారిలో ఉండగా పోయింది. జుమ్యాతి ఈనాటికీ సంతలోనే కూర్చుంటుంది.

పోయేముందు ఒక్కసారి కళ్ళు తెరిచి ఫోటో చూపించమంది. రెప్పలు వాచి ఉన్నాయి. ఫోను దగ్గరగా పట్టుకున్నాను. చాలాసేపు చూసింది.

"ఎడమవైపు వంపు వంకరపోయింది నెం. చెయ్యి వణికింది. అందరూ చూసే ఉంటారు."

"ఎవరూ చూడలేదక్కా" అన్నాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను.