నాట్ వర్కింగ్

“ఈ లిఫ్టు ఏదో ఒక రోజు మధ్యలో ఆగిపోతుంది, చూస్తూ ఉండు. లోపల నువ్వే ఉంటావు, ఫోన్‌లో ఛార్జింగ్ ఉండదు,” అన్నాను బడికి బయలుదేరుతున్న మా అమ్మాయితో.

“నువ్వు నోరు తెరిస్తే ఇంతే అమ్మా,” అంటూ అది మెట్ల మీంచే దిగిపోయింది.

సాయంత్రానికి లిఫ్టు నిజంగానే ఆగింది. లోపల ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. వాచ్‌మన్ అంతస్తుకో అట్టముక్క వేలాడదీశాడు: నాట్ వర్కింగ్. మా ఆయన ఆఫీసుకి కొత్తగా వచ్చిన మేనేజరు, భార్యతో సహా సరిగ్గా ఆ రోజే మా ఇంటికి భోజనానికి రావాలా! నాలుగంతస్తులెక్కి ఆయాసపడుతూ కూర్చున్న ఆవిడ, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, “మీ మిసెస్ వర్కింగా?” అని మా ఆయన్నే అడిగింది. నేను ఎదురుగానే ఉన్నాను.

“అబ్బే, నాట్ వర్కింగ్,” అన్నారాయన చెయ్యి ఊపేస్తూ.

నా గుండె జారిపోయింది. మొన్న చేయించిన రక్తపరీక్ష రిపోర్టు తెచ్చింది ఈయనే. లోపల ఏ పార్టు ఆగిపోయిందో ఏమో! చెప్తే బెంగపెట్టుకుంటానని నా దగ్గర దాచి, పైవాళ్ళకి మాత్రం చెప్పేస్తున్నారు. వడ్డిస్తున్నంతసేపూ ఒక చెయ్యి గరిటె మీద, ఒక చెయ్యి గుండె మీద. కొట్టుకుంటూనే ఉంది పాపం.

వాళ్ళటు వెళ్ళగానే అమ్మాయిని అంట్ల దగ్గరికి లాక్కెళ్ళి అడిగాను. అది పగలబడి నవ్వింది.

“నీకు ఉద్యోగం లేదని అమ్మా!”

“మరి లిఫ్టుకి?”

“అదీ అదే మాట. మందు పనిచేస్తే వర్కయిందంటాం. దిండు మీద నువ్వు కుట్టిన పువ్వులూ వర్కే. నాది హోమ్‌వర్క్, నాన్నది ఆఫీసు వర్క్.”

“ఇన్ని అర్థాలున్న మాటలో ఈ అంట్లకి కాస్త చోటు లేదా?”

దాని నవ్వు ఆగిపోయింది. నేను మాత్రం నవ్వుతూనే ఉన్నాను. ఏ పార్టూ పాడవలేదు! ప్రాణం దూదిపింజలా తేలిపోతోంది. ఆ సంతోషంలోనే బుర్రలో ఏదో వెలిగింది.

పొద్దున్నే లిఫ్టు బాగయింది. వాచ్‌మన్ విప్పేసిన అట్టముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, మెడలో వేసుకుని, సోఫాలో మా అత్తగారి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఈయన స్టవ్ ముట్టుకుంటే ఇల్లు తగలబడుతుందేమోనని ఒక పక్క భయమే. అయినా లేవలేదు.

“కాఫీ?” అన్నారు మా ఆయన.

అట్టముక్కని ఆయన వైపు తిప్పాను. “నిన్న మీరే చెప్పారుగా.”

“ఏంటీ వేళాకోళం? అమ్మా, చూడు నీ కోడల్ని! నువ్వైనా గడ్డి పెట్టు.”

మా రోజుల్లో ఇంతకు రెట్టింపు చాకిరీ చేశామని రోజూ దెప్పే మనిషి. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నా మెడలో అట్టని అక్షరం అక్షరం చదివింది.

“కింది అంతస్తుది కూడా ఉండాలే, అమ్మాయ్,” అంది చివరికి. “నాకది పట్రా.”