పెకాన్ దొరకని ఊళ్ళో ఒక పై

సంజీవరావుకి తీపి మీద ఎప్పుడూ మోజు లేదు. రైల్వే పార్సెల్ ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా, ఎవరికి మనవడు పుట్టినా తన వంతు లడ్డూ పక్క సీటాయన వైపు జరిపేసే మనిషి. అలాంటివాడు రిటైరయ్యే వయసులో, భార్య పోయిన ఇన్నేళ్ళకి, ఓ అమెరికా మిఠాయి చెయ్యాలని నడుం కట్టాడంటే దానికి కారణం మిఠాయి కాదు, ఎలిజబెత్.

ఎలిజబెత్ వాళ్ళ చర్చి క్వైర్‌కి హార్మోనియం వాయించేది. నర్సుగా చాలాకాలం చేసి, ఇప్పుడు గుణదల వైపు ఓ నర్సింగు స్కూల్లో పాఠాలు చెబుతోంది. యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం క్వైర్‌లో ఎవరికీ లేదు. శ్రుతి తప్పినవాళ్ళ వైపు కళ్ళద్దాల మీదుగా ఆవిడ చూసే చూపు అందరికీ అనుభవమే. అందరికంటే ఎక్కువ అనుభవం సంజీవరావుకి. అతనిది బొంగురు గొంతు. పాట పైకి వెళ్ళే కొద్దీ అది కిందికి దిగుతుంది.

ఆ తొంభై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో ఓ శనివారం ప్రాక్టీసు అయిపోయాక వాన పట్టుకుంది. అందరూ చర్చి వరండాలో నిలబడి బిస్కెట్లు తింటూ, తిన్న మంచి వంటల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకరు బందరు హల్వా అన్నారు, ఇంకొకరు పులస పులుసు అన్నారు. ఎలిజబెత్, "నేను పై తిన్నాను" అంది.

"దేని పైనండీ?" అన్నాడు సంజీవరావు.

అందరూ నవ్వారు. ఎలిజబెత్ కూడా నవ్వింది. ఆవిడ పళ్ళు కనపడేలా నవ్వడం సంజీవరావు అదే మొదటిసారి చూడటం.

"పైన కాదండీ, దాని పేరే పై. పెకాన్ పై. నేను మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగులో ఉన్నప్పుడు అమెరికన్ డాక్టరమ్మ ఉండేవారు. క్రిస్మస్‌కి వాళ్ళ ఊరి నుంచి పోస్టులో పెకాన్ పప్పు వచ్చేది. ఆ పప్పూ, చాక్లెట్టూ వేసి చేసేవారు. క్రిస్మస్ రోజు ఇంటికి వెళ్ళలేక డ్యూటీలో ఉండిపోయిన నర్సులకే పెట్టేవారు. నేను ప్రతి ఏడూ కావాలనే డ్యూటీ వేయించుకునేదాన్ని." ఆవిడ వాన వైపు చూసింది. "ఆవిడ వెళ్ళిపోయాక మళ్ళీ ఎక్కడా తినలేదు."

ఆ మాట సంజీవరావు మనసులో పడిపోయింది. ఇంటికి వెళ్ళే దారిలో స్కూటరు మీద, రాత్రి అన్నం వడ్డించుకుంటూ, మర్నాడు ఆరాధనలో ప్రసంగం నడుస్తుండగా కూడా అదే ఆలోచన. ఎలిజబెత్ మళ్ళీ అలా నవ్వితే చూడాలి.

తరవాతి శనివారం నుంచి అతను ఒక్కొక్క ప్రశ్నా మోసుకెళ్ళడం మొదలుపెట్టాడు. హార్మోనియం పెట్టె మొయ్యడానికి సాయం పట్టినట్టు పట్టి, "ఆ పై అనేది అడుగున మెత్తగా ఉంటుందాండీ, గట్టిగానా?" అని అడిగాడు. అడుగున మైదాపిండి పెంకు ఉంటుందనీ, నోట్లో వేసుకుంటే పొరపొరలుగా విడిపోవాలనీ ఆవిడ చెప్పింది. ఇంకో వారం గుడ్ల సంగతి అడిగాడు. ఆ పై వారం, మధ్యలో పోసే పాకం దేనితో చేస్తారని అడిగాడు.

"వాళ్ళది మొక్కజొన్న పాకం లెండి. అది మనకి దొరకదు. అయినా చాలా తేలికండీ ఆ వంట. కలపడం, పొయ్యడం, ఓవెన్లో పెట్టడం, అంతే." ఎలిజబెత్ కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఎందుకడుగుతున్నారు?"

"మా డయానాకి... వంటలంటే ఆసక్తి" అన్నాడు సంజీవరావు.

డయానా అతని ఒక్కగానొక్క కూతురు. బ్యాంకులో ఉద్యోగం. భర్త ఎలీషాతో పక్క వీధిలోనే ఉంటుంది. ఆ పిల్లకి వంటంటే ఎంత ఆసక్తో సంజీవరావుకి తెలుసు. కూతురి ఇంట్లో భోజనానికి వెళ్ళేముందు కాస్త తినే వెళ్తాడు.

సరంజామా కూర్చుకోవడానికి వారం పట్టింది. గవర్నర్‌పేటలో చాక్లెట్లూ, వెన్నా దొరికాయి. పెకాన్ దొరకలేదు. వన్ టౌన్‌లో జీడిపప్పూ, కిస్మిస్సూ హోల్‌సేల్‌గా అమ్మే జానకిరామ్ ఆ పేరు రెండుసార్లు పలికించుకుని, "మందుల షాపులో అడిగారా మాస్టారూ?" అన్నాడు. సంజీవరావు తనకి తెలిసినంత వర్ణించాడు. పొడుగ్గా, ముడతలుగా, గోధుమరంగులో ఉంటుందని. జానకిరామ్ లోపలికి వెళ్ళి గుప్పెడు అక్రోటు పప్పు తెచ్చి చేతిలో పోశాడు. "ముడతలంటే ఇదేనండీ మా దగ్గర." నమిలితే కాస్త వగరుగా, నూనె నూనెగా బాగానే ఉంది. తీసుకున్నాడు. పాకానికి ఉయ్యూరు బెల్లం ఉండనే ఉంది.

ఇంక ఓవెన్. అది బీరువా మీద గుడ్డ కప్పి ఉంది. గుండ్రటి అల్యూమినియం ఓవెన్, మూతకి గాజు బిళ్ళ. భార్య సువార్తమ్మ క్రిస్మస్ కేకుల కోసం చీటీ పాడి కొనుక్కుంది. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ కిందికి దించలేదు. సంజీవరావు కుర్చీ వేసుకుని ఎక్కి, గుడ్డ తీసి, కాసేపు అలాగే నిలబడిపోయాడు. తరవాత జాగ్రత్తగా దించి, తడిగుడ్డతో తుడిచి, ప్లగ్గు పెట్టాడు. వేడెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం డయానా వచ్చేసరికి తండ్రి వంటింట్లో మోచేతుల దాకా మైదాతో ఉన్నాడు. గట్టు మీద మొదటిసారి చేసిన పై ఉంది. పెంకు చెక్కలా ఉంది, మధ్యలో గుడ్డు పచ్చివాసన కొడుతోంది.

"ఏంటి నాన్నా ఇది?"

"పై."

"దేని పైన?"

"పైన కాదమ్మా..." అని మొదలుపెట్టి అతను ఆగిపోయాడు. డయానా చూపు ఓవెన్ మీద పడింది.

"అమ్మది దించావా?" గొంతు మారింది. "ఎవరి కోసం చేస్తున్నావ్?"

సంజీవరావు అబద్ధం చెప్పలేకపోయాడు. "ఎలిజబెత్ గారు ఎప్పుడో తిన్నారంట. మళ్ళీ దొరకలేదంట."

డయానా హాల్లోకి వెళ్ళి కూర్చుంది. టీవీ పెట్టింది, తీసేసింది. సంజీవరావు చేతులు కడుక్కుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నీకు కష్టంగా ఉంటే మానేస్తానమ్మా."

"నేనడిగింది అది కాదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆవిడంటే నీకు ఇష్టమా?"

సంజీవరావు ఆ ప్రశ్న తనకి తాను ఇంతవరకూ వేసుకోలేదు. గోడ వైపు చూసి, కాళ్ళ వైపు చూసి, చివరికి తల ఊపాడు.

"అమ్మ పోయాక నువ్వు శనివారం షర్టు ఇస్త్రీ చేసుకోవడం మానేశావ్ నాన్నా. ఈ రెండు నెలల నుంచి మళ్ళీ చేసుకుంటున్నావ్. ఎందుకా అనుకున్నాను." డయానా లేచి చున్నీ నడుముకి చుట్టుకుంది. "పద. ఆ పెంకేంటి, ఇటుకలా ఉంది? నీళ్ళు వేడివి పోశావా?"

"గోరువెచ్చనివి."

"చల్లటివి పోయాలేమో! ఫ్రిజ్ ఎందుకుంది మరి?"

ఇద్దరూ కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. చల్లటి వెన్నని మైదాలో వేళ్ళ కొసలతో నలిపారు, రవ్వలా అయ్యేదాకా. ఫ్రిజ్‌లో నీళ్ళు చిలకరించి ముద్ద చేసి కాసేపు చల్లగా ఉంచారు. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్టూ వెన్నా కరిగించారు. బెల్లం పాకం చల్లారనిచ్చి గుడ్లతో గిలక్కొట్టి, చాక్లెట్‌లో కలిపారు. అంచులున్న పళ్ళెంలో పిండి పరిచి, అక్రోటు పప్పు పేర్చి, పైన ఆ చిక్కటి రసం పోశారు. డయానా గరిటె నాకి, "ఇలాగే తినేయొచ్చు కదా, కాల్చడం ఎందుకు?" అంది.

ఓవెన్లో పెట్టి ఇద్దరూ గాజు బిళ్ళలోంచి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తొంగి చూస్తూ కూర్చున్నారు. అంచులు ఎర్రబడుతున్నాయి. మధ్యభాగం మెల్లగా పొంగుతోంది. వాసన వీధి గుమ్మం దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

"వస్తుందిలే" అన్నాడు సంజీవరావు. రాలేదు. పక్కింటాయన కేకేసి, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనీ, సాయంత్రం దాకా ఆశ లేదనీ చెప్పాడు. సాయంత్రమే ఎలిజబెత్ ఇంటికి వెళ్ళాలని అతను అనుకున్నది.

డయానా క్షణం ఆలోచించింది. "మరియదాసు బేకరీ!"

మరియదాసు బేకరీది కట్టెల పొయ్యి. దానికి కరెంటుతో పనిలేదు. సంజీవరావు స్కూటరు తీశాడు. డయానా వెనక కూర్చుని, సగం ఉడికిన పై పళ్ళేన్ని నాలుగు మడతల తువ్వాల్లో పెట్టి ఒళ్ళో పట్టుకుంది. ఏలూరు రోడ్డు మీద బస్సులు దూసుకుపోతున్నాయి. ప్రతి గుంటకీ ఆమె అరుస్తోంది.

"మెల్లగా నాన్నా! తొణుకుతోంది!"

"కాలుతోందా?"

"కాలుతోంది, నువ్వు మాట్లాడకు, రోడ్డు చూడు!"

ఓ ఆటోవాడు పక్కనే వస్తూ తొంగిచూసి, "ఏం వాసనండీ బాబూ అది!" అన్నాడు. తండ్రీకూతుళ్ళకి నవ్వాగలేదు. ఎన్నో ఏళ్ళయింది వాళ్ళిద్దరూ అలా నవ్వుకుని.

మరియదాసు పళ్ళెం వైపు అనుమానంగా చూసి, పొడుగాటి చెక్కపార మీద పెట్టి, బన్నుల పక్కన పొయ్యిలోకి తోశాడు. తీసేసరికి ఒక అంచు నల్లబడింది. పళ్ళెం పట్టుకుని కదిపితే మధ్యభాగం జున్నులా ఓసారి వణికి ఆగింది. "కుదిరింది. చల్లారాక కొయ్యండి" అన్నాడు.

ఎలిజబెత్ ఇంటి వీధి చివర డయానా దిగిపోయింది. "నేనెందుకు నాన్నా? నువ్వే వెళ్ళు" అని, తండ్రి చెంప మీద అంటుకున్న మైదా తుడిచింది.

ఎలిజబెత్ తలుపు తీసి, పళ్ళేన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. లోపలికి రమ్మంది. చాకు తెచ్చింది. తనే కోసి, ఓ ముక్క ప్లేటులో పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, చెంచాతో నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"డాక్టరమ్మ చేసిన దానికీ దీనికీ పోలికే లేదండీ" అంది.

అతని మొహం వాడిపోయింది. "పెకాన్ దొరకలేదండీ. అక్రోటు వేశాను. పాకం కూడా మన బెల్లం..."

"తెలుస్తోంది." ఆవిడ ఇంకో ముక్క కోసుకుంది. "అది తింటే ఆవిడ ఊరు ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. ఇది తింటే మా అమ్మ చేసే బెల్లం గవ్వలు గుర్తొస్తున్నాయి." తల ఎత్తకుండానే అడిగింది. "ఇంత ఎందుకు కష్టపడ్డారు? మీకు తీపి పడదు కదా. ప్రాక్టీసులో బిస్కెట్లు కూడా జేబులో వేసుకుంటారు."

ఆవిడ అది గమనించిందని అతనికి ఇప్పుడే తెలిసింది. ధైర్యం వచ్చింది. "నేను తినడానికి కాదండీ. మీరు తింటుంటే చూడాలనిపించింది."

ఎలిజబెత్ కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడిచింది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"నాకు ఒంటరిగా ఉండటం బాగా అలవాటైపోయిందండీ, సంజీవరావు గారూ. నా ఇల్లు, నా ఉద్యోగం, నా పద్ధతులు. వాటిని వదులుకుని ఎక్కడికో రావాలంటే నా వల్ల కాదు."

"మిమ్మల్ని రమ్మనలేదండీ" అన్నాడు. తను ఏమంటున్నాడో తనకే సరిగ్గా తెలియకుండా, "నేనే వస్తాను" అన్నాడు.

అప్పుడు నవ్విందావిడ. వాన కురిసిన రోజు నవ్వినదానికంటే పెద్దగా, భుజాలు కదిలేలా.

తొందరపడలేదు ఇద్దరూ. చర్చి పక్కన నడుస్తూ మాట్లాడుకోవడం, డయానా ఇంట్లో భోజనాలూ, పాస్టరు గారితో మాట్లాడటం, అన్నీ నిదానంగానే జరిగాయి. ఈస్టరు వెళ్ళాక పెళ్ళయింది. చర్చిలోనే, సాదాగా. ఎలీషా అందరికీ బిరియానీ పెట్టించాడు. డయానా ఆ రోజంతా ఎలిజబెత్ చీర కుచ్చిళ్ళు సర్దుతూ తిరిగింది. సంజీవరావు తన మాట ప్రకారం రెండు ట్రంకు పెట్టెలు ఆటోలో వేసుకుని ఎలిజబెత్ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ వీధిలోవాళ్ళు కొన్నాళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు. అతను పట్టించుకోలేదు.

సోమవారం ఉదయం ఎలిజబెత్ స్కూలుకి బయల్దేరుతుంటే అతను టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చాడు. ఆవిడ గేటు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది.

"ఏమైంది? మర్చిపోయారా ఏదైనా?" అన్నాడు. లోపల ఏముందో అడుగుతుందనుకుని, "అందులో..." అని మొదలుపెట్టాడు.

"చెప్పకండి" అంది ఎలిజబెత్. డబ్బా రెండు చేతులతో పట్టుకుంది. "ఇన్నేళ్ళూ నా డబ్బా నేనే కట్టుకున్నాను. మధ్యాహ్నం మూత తీసేదాకా ఏముందో తెలియకపోవడం ఎలా ఉంటుందో చూస్తాను."

అని బస్సు అందుకోవడానికి గబగబా నడిచింది.