కాకరపాదు పక్కన పాతిన జాడీ

అంబోకి పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. అన్నేళ్ళూ భార్య పండించే కాకరకాయను వెక్కిరిస్తూ తిన్నాడు, తింటూ వెక్కిరించాడు. "మీ అమ్మ నీకిచ్చిన ఆస్తి ఇదొక్కటే, అదీ చేదే" అనేవాడు. బసీలియా ఊరుకునే మనిషి కాదు. "చేదైతేనేం, ఏటేటా కాస్తుంది. మీ నాన్న నాకిచ్చిన ఆస్తివి నువ్వు. కాయవు, పండవు" అనేది.

ఆ కాకర నిమ్మకాయంత ఉంటుంది, గుండ్రంగా. సంతలో దొరికే జానెడు కాకరల పక్కన పెడితే దాన్ని ఎవరూ కన్నెత్తి చూడరు. కానీ వంకాయ, బెండకాయ, టమాటా వేసి, చేపలను ఉప్పులో ఊరబెట్టిన బగూంగ్ రెండు గరిటెలు పోసి, గరిటె పెట్టి కలపకుండా మగ్గబెట్టే పినక్బెట్‌లో ఈ చిట్టి కాకర పడకపోతే అది కూరే కాదని బసీలియా తీర్పు. తల్లి నుంచి కూతురికి అలా గింజలు దిగుతూ వచ్చాయి.

ఈ ఏడు ఆమె చేతిలో మిగిలినవి నాలుగే గింజలు. నిరుటి పంటను తుపాను ఊడ్చుకుపోయింది. ఇవి అంతకు ముందరి ఏటివి, ముసలివి. రెండు మొలవనేలేదు. మూడోది రెండాకులు వేయగానే కోడి గీకి పారేసింది. నాలుగోది మాత్రం వెదురు కంచె పట్టుకుని పైకి పాకింది. ఆ ఒక్క తీగ పండి గింజ ఇవ్వాలి. ఇవ్వకపోతే బసీలియా తల్లి కాకర ఇక లోకంలో ఉండదు.

కుర్రిమావ్ ఊళ్ళో, సముద్రపు ఒడ్డున వాళ్ళ పెరడు ఒకప్పుడు వట్టి ఇసుక. నీళ్ళు పోస్తే పోసిన దారినే పోయేవి. దాన్ని మట్టి చేసింది బసీలియా. పదిహేనేళ్ళు పట్టింది. ఊక బూడిద, మేకపెంట, రాలిన మునగాకు, చేపలు కోసినప్పుడు వచ్చే పేగులు, చివికిన చాపముక్కలు, ఏదీ ఆ ఇంటి గేటు దాటి బయటికి పోలేదు. "అక్కా, మీ ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుంది?" అని పక్కింటి ఇస్కా అడిగితే, "నువ్వు నిలబడ్డ చోటే" అనేది. బయటి ఊళ్ళవాళ్ళు ఈ తీరం మనుషులను, మా ఇలోకానోలను పిసినారులంటారు. ఆ మాట బసీలియా పెరట్లో నిలబడి అనమనండి, చూద్దాం.

ఫిబ్రవరి నుంచి చుక్క వాన లేదు. ఏప్రిల్లో బావి ఎండింది. రోజు విడిచి రోజు నీళ్ళబండి వచ్చి ఇంటికి రెండు డ్రమ్ములు పోసి పోయేది. బసీలియా ఒక్క నీటిచేత నాలుగు చాకిరీలు చేయించేది. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు, ఆ నీళ్ళతో గిన్నెలు, వాటితో కాళ్ళు, చివరికి కాళ్ళు కడిగిన నీళ్ళు పాదుకి. తెల్లవారకముందే లేచి ఆకులు తిప్పి చూసి పెంకుపురుగులను ఏరి కోడికి వేసేది. పండు ఈగ కాటు వేస్తే కాయంతా పురుగే. అందుకని పిందె పడగానే పాత పేపరు చుట్టి కట్టేది. "మనకన్నా ముందు నీ కాకరే వార్తలు చదివేస్తోంది" అనేవాడు అంబో.

ఆ తీగకు మూడు పిందెలు పడ్డాయి. ఎండకి రెండు రాలిపోయాయి. ఒక్కటి పేపరులో ఉంది.

ఒక చేత్తో బిందె, ఒక చేత్తో నడుము పట్టుకుని ఆమె పాదు దగ్గరికి నడుస్తుంటే అంబో అరుగు మీద కూర్చుని చూసేవాడు. అరవై నాలుగేళ్ళ మనిషి ఒక్క తీగ కోసం ఎండతో, ఈగతో, ఇసుకతో పోట్లాడుతోంది. అతనికి గర్వంగా ఉండేది. పొగడటం అతనికి చేతకాదు, అందుకే వెక్కిరించేవాడు.

ఏదో ఒకటి చేయాలనిపించింది. మట్టికుండను పాదు పక్కన మెడదాకా పాతి నీళ్ళు పోస్తే, కుండ చెమర్చి వేళ్ళకు తడి అందుతుందని ఎక్కడో చూశాడు. కొత్త కుండ ఎందుకు? ఇంటి వెనక బగూంగ్ ఊరబెట్టిన పాత జాడీ ఉంది. అడుగున సన్నని బీట పడి ఆరేళ్ళుగా ఊరికే పడి ఉంది. పారేయడానికి మనసొప్పక ఉంచిందే, ఇన్నాళ్ళకు పనికొచ్చింది! అడుగున ఉప్పుచేపల మడ్డి జానెడు మందాన గట్టిపడి ఉంది. గీకబోయి ఆగాడు. చేప పేగులు ఎరువని ఆమే కదా పాతిపెడుతుంది. ఇది మాత్రం ఎరువు కాదా? అలాగే ఉంచేశాడు.

బసీలియా మే నెల పూలప్రార్థనకు చర్చికి వెళ్ళిన మధ్యాహ్నం, గుంట తవ్వి జాడీ పాతేశాడు.

ఆమె వచ్చి చూసింది. "ఎవరు చేశారిది?"

"దేవదూతలు. ఇప్పుడే వెళ్ళారు."

రాత్రి భోజనంలో అతని పళ్ళెంలోకి రెండు గుడ్లు వచ్చాయి.

అయిదో రోజుకి ఆకుల అంచులు మాడాయి. నీరు చాలలేదనుకుని బసీలియా తన స్నానం నీళ్ళు కూడా జాడీలో పోసింది. ఇంకా మాడాయి. ఆకు తిప్పి చూస్తే పురుగు లేదు, పేను లేదు. అంబోకి అప్పుడు గుర్తొచ్చింది. తవ్వేముందు "బారి-బారి అపో" అనలేదు! నేల కింద కంటికి కనపడని వాళ్ళుంటారు. తప్పుకోండి దొరా, కోప్పడకండి అని చెప్పకుండా మా ఊళ్ళో ఎవరూ పార దించరు, వేడినీళ్ళు పారబోయరు. అంబో తీగ మొదట్లో ఆకు పరిచి జిగురన్నం, ఉడికిన గుడ్డు, చిన్న గ్లాసుడు చెరకు సారా, ఒక సిగరెట్టు పెట్టి వేడుకున్నాడు.

ఇస్కా కంచె మీంచి తొంగి చూసింది. "అంబో అన్నా, సిగరెట్టు పెట్టావు సరే, అగ్గిపెట్టేదీ? వాళ్ళు మా ఇంటికొచ్చి అడుగుతారా?"

మర్నాటికి ఇంకో నాలుగాకులు పోయాయి.

బసీలియా తీగ ముందు గొంతుక్కూర్చుంది. తర్వాత జాడీ పక్కనుంచి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది. నమిలింది. ఉమ్మలేదు. తల తిప్పి మొగుడి వైపు చూసింది.

"ముసలోడా, ఇది ఏ జాడీ?"

"అదే... ఇంటి వెనకది."

"కడిగావా?"

"పైన కడిగా. లోపల... మడ్డి ఎరువే కదా అని..."

"ముప్ఫై ఏళ్ళ ఉప్పు" అంది ఆమె. "నేను పోసిన ప్రతి బిందె నీళ్ళూ ఆ ఉప్పునే దీని వేళ్ళకి తాగించాయి."

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆమె తిట్టలేదు. నలభై ఒక్క ఏళ్ళలో తిట్టాల్సిన చోట తిట్టకపోవడం అదే మొదటిసారి, అంబోకి నిజంగా భయం వేసింది. తిట్టవే తల్లీ, అని మనసులో మొక్కుకున్నాడు.

ఆమె జాడీని పైకి లాగించింది. చుట్టూ ఉప్పుమట్టిని వేళ్ళు తెగకుండా చెంచాతో తోడింది. కొత్త ఎరువు నింపింది. మిగిలిన ఉప్పు కిందికి దిగాలంటే మంచినీళ్ళు కావాలి, బిందెలకు బిందెలు. అంబో రెండు డబ్బాలు కావడికి తగిలించుకుని బడి దగ్గరి చేతిపంపుకి బయల్దేరాడు. మైలు దూరం. డబ్బా నిండటానికి అరగంట. డాక్టరు బరువులెత్తొద్దన్న నడుముతో రోజుకి నాలుగుసార్లు, అయిదు రోజులు మోశాడు. దారిలో ఒక్క చుక్క తొణకనివ్వలేదు. అతను వెక్కిరించకుండా గడిపిన అయిదు రోజులు అతని జీవితంలో అవేనేమో.

తీగ బతకలేదు.

ఆరో రోజు పొద్దున ఎండుతీగ మీద పేపరు పొట్లం ఒక్కటే వేలాడుతోంది. అంబో దాని వైపు చూడలేకపోయాడు. "పోయిందే ముసల్దానా. నా చేత్తో నేనే చంపేశాను. మీ అమ్మ మొహం నేనెలా చూసేది?"

"మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది, నీకేం తొందర" అంది బసీలియా. "చావు దగ్గర పడిందని తెలిస్తే తీగ కాయని తొందరపెడుతుంది. పొట్లం విప్పు."

పేపరు చిరిగింది. లోపల కాకర లేదు, నారింజరంగు పండు ఉంది. మూడు రెక్కలుగా విచ్చుకుని, ఎర్రటి గుజ్జుతో, నవ్వుతున్నట్టు.

గింజలు కడిగి గిన్నెడు నీళ్ళలో వేసింది. పదకొండు. ఇద్దరూ గిన్నె మీదికి వంగారు. ఆరు తాలువి, తేలిపోయాయి. అయిదు మునిగి అడుగున కూర్చున్నాయి.

"నాలుగుతో మొదలెట్టాం" అన్నాడు అంబో. "అయిదయ్యాయి." అని, సిగ్గులేకుండా ఏడ్చేశాడు.

బసీలియా అరచేతిలో గింజలు ఆరబెట్టింది. రెండు ఇస్కాకి ఇచ్చింది. ఒకటి బతాక్‌లో ఉన్న చెల్లెలికని కాగితంలో చుట్టింది. అంబో తెల్లబోయాడు. "ఉన్నవే అయిదు, ఇచ్చేస్తున్నావేంటి?"

"తప్పు నీ ఒక్కడిదే కాదు. మా అమ్మ గింజని ఇన్నేళ్ళూ ఒక్క సీసాలో, ఒక్క ఇంట్లో దాచుకున్నది నేను. అదీ, నీలాంటివాడున్న ఇంట్లో."

అమ్మయ్య, తిట్టింది. అంబో ప్రాణం కుదుటపడింది. లేచి సుత్తి తెచ్చి జాడీ మీదికి ఎత్తాడు.

"ఆగు! పగలగొట్టి ఏం చేస్తావ్? చక్కటి ఉప్పు, దండగ. కొబ్బరిచెట్టుకి ఉప్పంటే ప్రాణం. దాని మొదట్లో పాతు. వచ్చే ఏటికి కాయలు చూడు."

కాకరను చంపిన జాడీ కొబ్బరికి మేతవుతుందని తట్టిన ఆ బుర్రకి దండం పెట్టాలనిపించింది అంబోకి. జాడీని దొర్లించుకుంటూ చెట్టు దగ్గరికి వెళ్ళాడు. పార ఎత్తాడు, మళ్ళీ దించాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నేల వైపు కాదు, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ పెళ్ళాం వైపు తిరిగాడు. తల వంచాడు.

"బారి-బారి అపో" అన్నాడు.

"ఊఁ, తవ్వు" అంది బసీలియా.