చిలకల్ని ఎగరేసిందెవరు?

చీపురుపల్లిలో నీలవేణిని మెచ్చుకోనివారు లేరు. ఎనిమిదేళ్ల కూతురు సంహితకు ముద్దలు కలిపి నోట్లో పెట్టడం, గౌను గుండీలు పెట్టడం, బడిసంచీ మొయ్యడం, అన్నీ తల్లే. పుట్టుకతోనే ఆ పిల్ల కుడిచెయ్యి బలహీనం. పడిపోతుందేమో, నొప్పెడుతుందేమో, ఎవరైనా నవ్వుతారేమో అని నీలవేణికి క్షణం నెమ్మది ఉండేది కాదు. తల్లులం, మనకు ఆ భయాలు తెలియనివి కావు.

వాడకం లేక పిల్ల భుజం బిగుసుకుపోసాగింది. ఇంకా ఆలస్యం చేస్తే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాక, విజయనగరంలో ఫిజియోథెరపీకి తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. వ్యాయామం అనగానే సంహిత ఏడ్చేది. అది చూసి తల్లి ఇంకా ఏడ్చేది.

ఒకరోజు ఫిజియోథెరపిస్టు సుహాసిని ఆ పిల్లను పెద్ద టీవీ ముందు నిలబెట్టింది. తెర మీద జీడిమామిడి చెట్టు, కొమ్మల నిండా చిలకలు. టీవీ పైనున్న కెమెరా మనిషి కదలికను కనిపెడుతుంది. చెయ్యెత్తి అందుకుంటే చిలక ఎగిరిపోతుంది.

కళ్లు పాడవుతాయేమో, షాకు కొడుతుందేమో అని నీలవేణి పిల్ల వెనకాలే నిలబడింది. చిలకలు వరసగా ఎగిరాయి. సంహిత మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగింది.

"అమ్మా, నువ్వెల్లి కూకో. నా సిలకలన్నీ నువ్వే ఎగరేసేస్తన్నావు."

నిజమే. పిల్ల చెయ్యి సగంలో ఆగినప్పుడల్లా, తనకు తెలియకుండానే తల్లి చెయ్యి పైకి లేస్తోంది. ఏ చెయ్యి ఎవరిదో కెమెరాకేం తెలుసు?

నీలవేణి చిన్నబోయి బల్ల మీద కూర్చుంది. ఈసారి చిలక కదల్లేదు. సంహిత మునివేళ్ల మీద లేచి, తూలి, కింద పరిచిన పరుపు మీద పడింది. నీలవేణి లేవబోతే, తోడొచ్చి పక్కనే కూర్చున్న అత్తగారు దాలమ్మ చెంగు పట్టి ఆపింది.

"కూకోయే. పడ్డాది, లెగుస్తాది. దాన్ని ఆడనీ."

సంహిత లేచింది. "ఉండే సిలకా, నీ పని సెప్తాను" అంటూ చెయ్యి చాచింది. చెయ్యి చెవి దాకా వెళ్లింది. వేళ్లు వణికాయి. చిలక ఎగిరింది. పిల్ల కిలకిలా నవ్వి ఇంకోటి, ఇంకోటి అంటూ ఎగరేస్తూనే ఉంది. ఇవాళ్టికి చాలని సుహాసిని అంటే ఒప్పుకోలేదు. తన భుజమూ పట్టేసిందని చెప్పి దాలమ్మ కూడా ఆటలోకి దిగింది. మనవరాలు ఆవిడను చిత్తుగా ఓడించి, "నానమ్మా, నిన్ను సూసి సిలకలు నిద్దరోతన్నాయి" అని ఏడిపించింది. గదంతా నవ్వులే.

నీలవేణి కళ్లు తుడుచుకుంది.

"దీని సెయ్యి ఇంత లెగుస్తాదని నాకే తెలీదమ్మా."

సుహాసిని ఆమె పక్కన కూర్చుంది.

"ఆటలో పడితే పిల్లలు నొప్పి మరిచిపోతారమ్మా, అందుకే ఈ ఆటలు. కానీ ఇంటి దగ్గర పిల్లను చెయ్యి ఎత్తనివ్వాల్సింది మీరే. పిల్లలు చెయ్యగలిగిన పనిని ప్రేమకొద్దీ మనమే చేసేస్తే, వాళ్ల బలాన్ని మన చేతులతో మనమే తీసేసినట్టు."